గాలి చూసుకోప్పా

లారీ అంగడి ముందు ఆగకముందే మునిరత్నం దాని ఎడమ ముందు చక్రాన్ని చూశాడు. బెంగుళూరు రోడ్డు మీద నుంచి మెల్లగా మలుపు తిరిగి వస్తున్న ఆ బండి, చక్రం ఒక చుట్టు తిరిగినప్పుడల్లా ఎడమ పక్క ఒకసారి లేచి పడుతోంది. రోడ్డులో గుంత లేదు. తప్పు టైరులోనే ఉందని, కృష్ణగిరిలో పదకొండేళ్లుగా లారీ టైర్లు ఎక్కించి దించుతున్న మనిషికి వేరే ఎవరూ చెప్పనక్కర్లేదు.

వేప్పనపల్లి గోపాలయ్య కిందికి దిగాడు. సొంత బండి, తోలేదీ తనే. యాభై దాటిన మనిషి. దిగీ దిగగానే రెండు అరచేతులూ చాపి చూపించాడు. స్టీరింగు బిగబట్టి పట్టుకుని బొబ్బలెక్కి ఉన్నాయి.

"చూడు రత్నప్పా! నలభై దాటితే స్టీరింగు నా చేతిలో నిలవదు. మీ అంగట్లో కొని మూడు నెలలు గూడా కాలేదు. ఎక్కించిన నాటి నుంచీ ఇదే ఆట. శెట్టి చెప్పినాడని అలైన్‌మెంటు చూపించినాను, బేరింగులు మార్పించినాను. యాడ చూపించినా బండిలో ఏమీ లేదంటారు."

గల్లా దగ్గర కూర్చున్న పద్మనాభం శెట్టి పేపరు మడిచి పక్కన పెట్టాడు. కృష్ణగిరిలో లారీ టైర్ల అంగళ్లు మూడే. మూడూ శెట్టివీ, ఆయన బావమరుదులవీ. అందుకని ఆయన ఎప్పుడూ గొంతు పెంచి మాట్లాడవలసిన పని పడలేదు.

"ఎల్లుండి గురువారం హోసూరు ఆఫీసు నుంచి టైర్ల కంపెనీ ఇన్‌స్పెక్టరు వస్తాడు గోపాలయ్యా. టైరు దించి పెడతాం. తప్పు కంపెనీదని ఆయన రాస్తే గ్యారంటీ కింద కొత్త టైరు వస్తుంది. రాయకపోతే నీ టైరు నీకు."

"గురువారం పొద్దు వాలేలోపల బర్గూరు క్వారీలో రాతిదిమ్మ ఎత్తాల. మద్రాసు హార్బరుకు. నేను పోకపోతే ఆ లోడు ఇంకొకడు ఎత్తుకుంటాడు, మళ్లీ నన్ను పిలిచేదాన్ని యాడ చూస్తాను?"

"మధ్యాహ్నానికంతా అయిపోతుంది పో."

రోడ్డుకు ఆ పక్క తార్పాలిన్ కింద టీ అంగడి పెట్టుకున్న వరమ్మ, లారీ ఆగడం చూసి రెండు గ్లాసులు పట్టుకుని వచ్చింది. ఒకటి గోపాలయ్యకు, ఒకటి మునిరత్నానికి ఇచ్చింది.

"తాగన్నా. బండెక్కేముందు గాలి చూసుకోప్పా. మా ఇంటాయన చూసుకోలేదు."

ఆ దారిన పోయే డ్రైవర్లందరికీ టీ గ్లాసుతో పాటు ఆమె ఈ మాట కూడా అందిస్తుంది. ఆమె భర్త మునెప్ప లారీ డ్రైవరు. పోయిన ఏడాది సూళగిరి దిగుడులో ముందు టైరు పగిలి, బండి బోల్తాపడి, దాని కింద నలిగి చనిపోయాడు. గాలి చూసుకోకుండా తోలాడని కంపెనీవాళ్లు కాగితం రాశారు. ఊళ్లోవాళ్లు దానికి ఇంకో ముక్క అతికించి, తాగి తోలాడన్నారు. రెండో మాట ఆమె నమ్మలేదు గాని, మొదటి దాన్ని నమ్మింది. అచ్చు వేసిన కాగితం మీద సంతకం చేసి రాసిన మాటను నమ్మక ఏం చేస్తుంది?

ఆ మాట వినబడినప్పుడల్లా మునిరత్నానికి ఏదో ఒక పని గుర్తొస్తుంది. ఇప్పుడూ సగం తాగిన గ్లాసు గట్టు మీద పెట్టి, జాకీ తేవడానికి లోపలికి వెళ్లాడు.

*

బుధవారం పొద్దున అతను ఆ చక్రాన్ని దించాడు. గాలి వదిలి, సమ్మెటతో చుట్టూ కొట్టి, టైరును రిమ్ముకు పట్టి ఉంచే లాకు రింగును లివరుతో ఎత్తి తీశాడు. ట్యూబు బయటికి లాగి, టైరును గోడకు నిలబెట్టి, చిన్న సుత్తితో అంగుళం అంగుళం తట్టుకుంటూ వచ్చాడు. సంతలో కుండ కొనే ఆడవాళ్లు తట్టి చూసినట్టే ఆ పని. మంచి రబ్బరు ఖణీమంటుంది. ముప్పాతిక చుట్టు దాకా అట్లాగే పలికింది. ఆ తరువాత ఒక జానెడు మేర మొద్దుగా, లోపల ఎవరో నోరు మూసినట్టు పలికింది.

అక్కడ సుద్దతో గీత గీశాడు. టైరు లోపలికి చెయ్యి పెట్టి, కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. గాలి తక్కువగా ఉన్న టైరును తోలితే లోపల చుట్టూతా నలిగిన గీత పడుతుంది, నల్లటి పొడి చేతికి అంటుతుంది. ఈ టైరులో గీత లేదు, పొడి లేదు. సుద్ద గీత ఉన్న చోట మాత్రం, అరచేతి కింద పొర ఉబికి, నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకి వచ్చింది. పొరలు అతుక్కోకుండానే ఫ్యాక్టరీ నుంచి వచ్చిన టైరు ఇది. ఇంకో వెయ్యి మైళ్లు పోతుందో, ఇంకో పది మైళ్లు పోతుందో దాన్ని చేసిన దేవుడికే తెలియాలి.

అతను వెంటనే టైరును అవతలి పక్కకు తిప్పి చూశాడు. పొద్దుటి నుంచీ అతన్ని పీకుతున్న భయం అదే. అవతలి పక్క మీద, తన చేత్తో కాల్చిన అక్షరాలు 'గో. వే.' అని గుండ్రంగా ఉన్నాయి. గోపాలయ్య, వేప్పనపల్లి.

లారీ టైరు మీద అక్షరాలు కాల్చడం ఆ రోడ్డులో అందరూ ఎరిగిన పద్ధతి. కొత్త టైరు కొన్నవాడికి నిద్ర పట్టదు. కూలికి పెట్టుకున్న డ్రైవరు దారిలో అమ్మేసి పాతది ఎక్కించుకు రావచ్చు. పంక్చరు అంగడివాడు మార్చేయవచ్చు. అందుకని కుంపట్లో ఎర్రగా కాలిన కడ్డీతో టైరు పక్కన యజమాని పేరు కాల్పించుకుంటారు. మిగతా అంగళ్లవాళ్లు ఇంగ్లీషులో రెండు కొంకిరి గీతలు గీస్తారు. మునిరత్నం మూడో తరగతి దాకా పలక మీద దిద్దిన తెలుగు అక్షరాలను టైరు మీద దిద్దుతాడు. వేప్పనపల్లి వైపు తెలుగు లారీవాళ్లు అందుకోసమే ఈ అంగడికి వస్తారు. అంగడి గోడకు ఒక బోర్డు కూడా ఉంది: 'టైరు కొన్నవారికి పేరు వేయుట ఉచితం'.

గోపాలయ్య ఆ రోజు పక్కన కూర్చుని, "లోతుగా వెయ్యప్పా, ఎవుడూ గీకి చెరపకుండా ఉండాల," అన్నాడు. మునిరత్నం లోతుగానే వేశాడు. ఇప్పుడు అక్షరాల చుట్టూ సుత్తితో తట్టి చూశాడు. ఖణీమని పలికింది. లోపల తడిమాడు. బండలాగా గట్టిగా ఉంది. సుద్ద గీతకూ తన అక్షరాలకూ మధ్య మూరెడు దూరం పైన ఉంది. అతనికి ఊపిరి వచ్చింది. టైరు చెడింది తన చేతివల్ల కాదు.

ఆ సంగతి శెట్టితో చెప్పాడు. "లోపల పొరలు విడిపోయినాయి సామీ. నూటికి నూరు కంపెనీ తప్పే. కొత్తది ఇవ్వాల్సిందే."

శెట్టి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. "విడిపోయినాయో, కలిసినాయో రాసేది నువ్వా, వాడా? అక్షరాలుండాయి గదా దాని మీద?"

ఇదీ అసలు మెలిక. కంపెనీ కాగితంలో ఒక రూలు ఉంది. వేడి ఇనుముతో గుర్తులు వేసిన టైరుకు గ్యారంటీ చెల్లదు. ఆ గుర్తులు అమ్మిన అంగడే వేసిందని తేలితే, కొత్త టైరు అంగడివాడే తన సరుకులో నుంచి ఇచ్చుకోవాలి. ఉచితమని బోర్డు కట్టి కాల్పించేది శెట్టి. కాల్చేది మునిరత్నం. ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజు మాత్రం, లారీవాళ్లే ఎక్కడో కాల్పించుకొచ్చారని చెప్పాలి. కొనేటప్పుడు ఈ రూలు ఎవరికీ ఎవరూ చెప్పరు.

"పాపం, గోపాలన్న ముందు చక్రానికి ఎక్కించుకోని, రాతిదిమ్మ పెట్టుకోని పోతాడు సామీ," అన్నాడు మునిరత్నం.

"ఒకడికి ఇస్తే రేపు పదిమంది వస్తారు. ఈ అంగట్లో నువ్వు అక్షరం వేయని టైరు ఒకటి చూపించు." శెట్టి గొంతు పెంచలేదు. "నోరు మంచిదైతే ఊరు మంచిదౌతుంది రత్నం. నీకు ఈ అంగట్లో పని లేకపోతే, నా బావమరుదుల అంగట్లో మాత్రం ఉంటుందా? పో, బోర్డు తిప్పు. కుంపటి వెనకింట్లో పెట్టు."

మునిరత్నం స్టూలు ఎక్కి బోర్డును తిప్పి తగిలించాడు. వెనక పక్క ఉట్టి చెక్క. కుంపటినీ కడ్డీలనూ గోనెసంచిలో కట్టి వెనక గదిలో పెట్టాడు. నేల మీద కుంపటి పెట్టిన చోట సిమెంటు నల్లగా మాడి ఉంటే దాని మీద పాత టైరు ఒకటి పడేశాడు.

పోయిన ఏడాది తమిళ ఆవణి నెలలోనూ ఇట్లాగే స్టూలు ఎక్కి ఈ బోర్డు తిప్పాడు. అప్పుడు వచ్చిన ఇన్‌స్పెక్టరు వేరే మనిషి. మునెప్ప తోలిన బండి టైరు, పగిలినది, ఈ గోడకే ఆనించి ఉంది. ఆ టైరులోనూ నలిగిన గీత లేదు. మునిరత్నం చెయ్యి పెట్టి చూశాడు. అక్షరాలు ఎవరు కాల్చారని అడిగితే, "మాకు తెలీదు సార్, మేం వేయం," అన్నాడు. ఇన్‌స్పెక్టరు అక్షరాల మాట రాసి, కిందనే గాలి మాట కూడా రాసేశాడు. ఒక అబద్ధం పక్కన ఇంకోటి పెట్టడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు. మూడో నెలలో వరమ్మ రోడ్డుకు ఆ పక్క తార్పాలిన్ కట్టి పొయ్యి పెట్టుకుంది. అప్పటి నుంచీ తేలు కుట్టిన దొంగలాగా మునిరత్నం ఆమె చేతి టీ తాగుతూనే ఉన్నాడు.

*

గురువారం పదిన్నరకు జీపు వచ్చింది. ఇన్‌స్పెక్టరు ప్రసాదు ముప్పై ఏళ్లవాడు, బెజవాడ వైపు మనిషి. హోసూరుకు వచ్చి ఏడాది కూడా కాలేదు. అంగట్లో అందరూ తెలుగు మాట్లాడుతుంటే ముఖం విప్పారింది.

"ఇక్కడింత తెలుగు ఉందని మా వాళ్లకి చెబితే నమ్మరండీ," అంటూ చొక్కా చేతులు మడిచి పనిలోకి దిగాడు.

గోడ వెంబడి పదకొండు టైర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. వాటి సొంతదార్లలో ముగ్గురు నలుగురు అక్కడే బీడీలు కాలుస్తూ నిలబడ్డారు. ప్రసాదు టార్చి వేసి ఒక్కోటీ చూసి, పుస్తకంలో రాసి, టైరు మీద సుద్దతో గుర్తు పెడుతున్నాడు. అడ్డగీతలు రెండు పెడితే లేదని. సున్నా చుడితే ఒప్పుకున్నట్టు. మొదటి ఎనిమిదింటిలో రెండింటికే సున్నాలు పడ్డాయి. ఆ రెండూ హోసూరు ఫ్యాక్టరీ లారీలవి. ఫ్యాక్టరీవాళ్లు అక్షరాలు కాల్పించరు. వాళ్ల టైరు మార్చే ధైర్యం ఏ డ్రైవరుకూ లేదు గనక ఆ అవసరమూ లేదు.

తొమ్మిదోది గోపాలయ్యది. ప్రసాదు లోపల చెయ్యి పెట్టి తడిమాడు. సుద్ద గీత దగ్గర చెయ్యి ఆగింది. నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు.

"లోపల విడిపోయింది," అన్నాడు తనలో తాను అనుకున్నట్టు.

గోపాలయ్య బీడీ పారేశాడు. "అదే గద సార్ నేను చెప్పేది! చేతులు చూడండి నా చేతులు..."

ప్రసాదు టైరును తిప్పాడు. అక్షరాలు కనిపించాయి. వేలితో వాటి వెంట రాసి చూశాడు. "ఎంత బాగా రాశారండీ! అచ్చు పలక మీద రాసినట్టుంది." ఆ తరువాత పుస్తకం వైపు చూసి నిట్టూర్చాడు. "ఎవరు కాల్చారు ఇది?"

"లారీవాళ్లే యాడనో కాల్పించుకోనొస్తారండీ," అన్నాడు శెట్టి. "మేం ఎంత చెప్పినా వినరు."

గోపాలయ్య మునిరత్నం వైపు చూశాడు. ప్రసాదు కూడా అటే చూశాడు. మునిరత్నం కుడి ముంజేతి మీద పాతవీ కొత్తవీ కాలిన మచ్చలు మోచేతి దాకా ఉన్నాయి. ప్రసాదు చూపు వాటి మీద నిలిచింది.

"మీరు వేయరా?"

"లేదు సార్."

రెండు మాటలే. గొంతు తడబడలేదు కూడా. అలవాటైన అబద్ధం అంత సులువుగా వస్తుందని అతనికే సిగ్గు వేసింది. ప్రసాదు ఇంకో క్షణం చూసి, సుద్దతో అడ్డగీతలు రెండు పెట్టి పదో టైరు దగ్గరికి పోయాడు. తెలిసీ అడగనివాడు, తెలిసీ చెప్పనివాడు. తిలాపాపం తలా పిడికెడు.

పన్నెండు దాటాక శెట్టి ఇన్‌స్పెక్టరును భోజనానికి ఇంటికి పిలుచుకుపోయాడు. పోతూ పోతూ, "సున్నాలు చుట్టిన రెండింటినీ కోసెయ్ రత్నం. తక్కినవి ఎవరివి వాళ్లకు ఇచ్చెయ్," అన్నాడు.

కంపెనీ ఒప్పుకున్న టైరు మళ్లీ రోడ్డు మీదికి రాకూడదు. అందుకని అక్కడికక్కడే దాన్ని కోసేస్తారు. కోసిన టైరు అంటే దానికి బదులు కొత్తది వచ్చినట్టే. మునిరత్నం కత్తిని బకెట్టు నీళ్లలో ముంచి, మొదటి దాని పక్కను రెండు జానల పొడవున కోశాడు. తడి కత్తి రబ్బరులో వెన్నలో దిగినట్టు దిగింది. రెండోదీ కోశాడు. కత్తి తుడిచి బకెట్టు అంచు మీద పెట్టాడు.

గోపాలయ్య తన టైరును దొర్లించుకుంటూ వచ్చి అతని ముందు పడుకోబెట్టాడు. రిమ్మూ, ట్యూబూ, రింగూ తెచ్చి పక్కన పెట్టాడు.

"ఎక్కించు. మూడు గంటలకు క్వారీలో ఉండాల."

"వెనక్కి వేసుకోన్నా. ముందు చక్రానికి ఇది వద్దు."

"వెనక జతలో వేస్తే పక్క టైరుకు రాసుకోని రెండూ పోతాయి. స్టెప్నీ చూస్తివా? గుడ్డ పీలికలు బయటికొచ్చి ఉండాది. నాకుండేదాంట్లో ఇదే మేలు." గోపాలయ్య పక్కన గొంతుకూర్చున్నాడు. "ఆ పొద్దు నీ పక్కన ఈడనే కూర్చోని చూసినోణ్ణి నేనే గద రత్నప్పా. లోతుగా వెయ్యమని చెప్పినోణ్ణీ నేనే. నిన్ను ఏమీ అనను. నీకూ పెండ్లాం బిడ్డలుండారు. ఎక్కించప్పా."

తిట్టి ఉంటే బాగుండేది. చొక్కా పట్టుకుని రెండు తగిలించినా బాగుండేది. మునిరత్నం తల ఎత్తకుండా సబ్బు నీళ్లు పూసి, టైరులోకి ట్యూబు తోసి, రిమ్ము పెట్టాడు. లాకు రింగు అందుకున్నాడు.

వరమ్మ ఖాళీ గ్లాసులకోసం రోడ్డు దాటి వచ్చింది. చేతిలో గోపాలయ్యకు ఇంకో టీ ఉంది.

"దూరం పోతావుండావంట గదన్నా. తాగి పో. గాలి చూసుకోప్పా. మా ఇంటాయన చూసుకోలేదు."

లాకు రింగు మునిరత్నం చేతిలోనే ఉండిపోయింది. రింగును పక్కన పెట్టాడు. రిమ్ము తీశాడు. ట్యూబు మంచిది, గోపాలయ్య సొంతం. దాన్ని జాగ్రత్తగా బయటికి లాగి, మడిచి, గట్టు మీద పెట్టాడు. ఆ తరువాత కత్తి తీసుకుని బకెట్టులో ముంచి, మోకాలు టైరు మీద వేసి, సుద్ద గీత దగ్గర దించి తన వైపుకు లాగాడు.

"రేయ్!" గోపాలయ్య టీ గ్లాసు విసిరికొట్టి మీదపడ్డాడు. "ఏం చేసినావురా! నా కడుపు కొట్టినావే! ఎవుడు చెప్పినాడు నీకు కొయ్యమని?" మెడ దగ్గర చొక్కా పట్టుకుని గుంజాడు. గుండీలు తెగిపోయాయి. మునిరత్నం విడిపించుకోలేదు. కత్తి మాత్రం దూరంగా విసిరేశాడు, ఎవరికీ తగలకుండా.

జనం చేరారు. మిగతా లారీవాళ్లు వచ్చారు. తమలపాకులు నములుతూ శెట్టీ, రుమాలుతో చేతులు తుడుచుకుంటూ ఇన్‌స్పెక్టరూ వచ్చేసరికి, కోసిన టైర్లు మూడు ఉన్నాయి. పుస్తకంలో రెండే ఉన్నాయి.

"ఇదెవరు కోశారు?" అన్నాడు ప్రసాదు.

"నేనే సార్. దాని మీద అక్షరాలు కాల్చిందీ నేనే." మునిరత్నం గొంతు ఇప్పుడు తడబడింది. నిజం అతనికి అలవాటు లేదు. "పొద్దున లేదన్నాను. అబద్ధం. శెట్టి సామి కాల్చమంటాడు, నేను కాలుస్తాను. ఆ గోడకుండే బోర్డు తిప్పి చూడండి, రాసే ఉండాది. కుంపటి వెనకింట్లో ఉండాది. ఈడ చూడండి సార్." టైరు కోత తెరిచి వేళ్లు లోపలికి దూర్చాడు. రెండు పొరల మధ్య నాలుగు వేళ్లూ మొదళ్ల దాకా పోయాయి. "ఇది అక్షరాలవల్ల పోలేదు. అక్షరాలు ఆ పక్కనుండాయి. దీన్ని ఎక్కించుంటే గోపాలన్న మద్రాసు చేరడు. పదకొండేండ్లుగా ఈ అంగట్లో పోయిన ప్రతి టైరుకూ నేనే కాల్చినాను. ప్రతిసారీ నేనే లేదన్నాను."

ప్రతి టైరుకూ అన్న మాట నోటి నుంచి వెళ్లిపోయిన తరువాత గాని, వెనక ఎవరు నిలబడి ఉన్నారో అతనికి గుర్తు రాలేదు. తిరిగి చూశాడు. వరమ్మ ఖాళీ గ్లాసులు నాలుగు వేళ్లకు తగిలించుకుని నిలబడి ఉంది. కాసేపు అతన్నే చూసి, లారీలు వస్తున్నాయా అని అటూ ఇటూ చూసుకుని, రోడ్డు దాటి వెళ్లిపోయింది.

ఇక్కడ లారీవాళ్లు అరుస్తున్నారు. "అట్లయితే నాదీ నువ్వే గదరా కాల్చినావు! నాకెందుకు చెప్పలేదు?" అని ఒకడు మునిరత్నాన్ని తోశాడు. ప్రసాదు శెట్టిని లోపలికి పిలుచుకుపోయాడు. అతను మెల్లగా మాట్లాడినా వాకిట్లో ఉన్న మునిరత్నానికి వినబడింది.

"ఇది నేను రాశాననుకోండి, మీ డీలర్షిప్పు పోతుంది, నిరుడు సంతకం పెట్టిన మా ఆఫీసరూ ఇరుక్కుంటాడు. వద్దు. ఆయనకొకటి మీ సరుకులోంచి ఇచ్చేయండి. నా పుస్తకంలో రెండే ఉన్నాయి, రెండే ఉంటాయి."

అంతే జరిగింది. గోపాలయ్యకు కొత్త టైరు వచ్చింది. మిగతా ఎనిమిది మంది టైర్లు అడ్డగీతలతోనే వాళ్ల బండ్లెక్కాయి. పాత కాగితాలు పాతగానే ఉండిపోయాయి. జీపు పోయాక శెట్టి మునిరత్నం వైపు చూడకుండా, "నా సామాన్లు ముట్టుకోవద్దు," అన్నాడు.

కొత్త టైరును గోపాలయ్య రోడ్డు పక్కకు దొర్లించాడు. తన బండిలోని లివరు, సమ్మెట తెచ్చి మునిరత్నం ముందు పెట్టాడు. ఇద్దరూ కలిసి ఎక్కించారు. గాలి నిండాక మునిరత్నం సుత్తితో చుట్టూ తట్టాడు. అంతటా ఖణీమంది.

"చొక్కా చింపినాను," అన్నాడు గోపాలయ్య, బండి ఎక్కుతూ.

*

శుక్రవారం పొద్దున, పని లేకపోయినా, మునిరత్నం కాళ్లు అతన్ని అక్కడికే తీసుకొచ్చాయి. అంగడి అప్పుడే తెరిచారు. శెట్టి బావమరిది అంగడి నుంచి వచ్చిన కొత్తవాడు ఒకడు వాకిట్లో కుంపటి రాజేస్తున్నాడు. గోడ మీద బోర్డు మళ్లీ ముందుకు తిరిగి ఉంది. పేరు వేయుట ఉచితం.

అతను రోడ్డు దాటి తార్పాలిన్ ముందు నిలబడ్డాడు. వరమ్మ బొగ్గుల పొయ్యి ముందు కూర్చుని గ్లాసులు కడుగుతోంది. రోజూ అయితే, "రా అన్నా," అనేది. ఇవాళ కడిగిన గ్లాసునే మళ్లీ కడిగింది.

"మా ఇంటాయన టైరు ఏ పక్క పగిలిందన్నా?" అంది, తల ఎత్తకుండా. "నువ్వు చూసినావు గదా."

"అక్షరాలుండే పక్క కాదమ్మా. నడిమధ్యన. లోపల పొరలు ముందే విడిపోయిండాయి."

"గాలి?"

"గాలి తక్కువుంటే లోపల చుట్టూ నలిగిన గీత పడుతుందమ్మా. ఆ టైరులో గీత లేదు. నేను చెయ్యి పెట్టి చూసినాను. గాలి సరిగానే ఉండె."

"చూసినావు."

"చూసినాను."

ఆమె గ్లాసును బోర్లించింది. కొంగుతో చేతులు తుడుచుకుంది. అరిచి ఏడుస్తుందేమోనని మునిరత్నం ఎదురుచూశాడు. దానికి తయారై వచ్చాడు. ఆమె ఏడవలేదు.

"ఏడాది పైన నా చేతి టీ తాగినావు," అంది. "ఈ రోడ్డున పోయే ప్రతి మనిషికీ ఆయన తప్పు నా నోటితో నేనే చెప్పుకోనుండాను. నువ్వు ఈడనే నిలబడుకోని వింటా ఉండావు. సంవత్సరీకం నాడు కూడా, అన్నం పెట్టి, ఆయన్ని తిట్టినానన్నా. చూసుకోకుండా ఎట్ల తోలినావు, నా బతుకు ఇట్ల చేసినావే అని. తిట్టినాను."

తప్పయిందని అందామనుకున్నాడు మునిరత్నం. ఆ మాట పెట్టడానికి ఆమె ముందు చోటు కనిపించలేదు.

హోసూరు వైపు నుంచి లారీ ఒకటి వచ్చి ఆగింది. రోజూ వచ్చే తమిళ డ్రైవరు దిగి, టీ తాగి, చిల్లర ఇచ్చి, ఇంకా అక్కడే నిలబడ్డాడు. ఆమె చెప్పే మాట వినిపోవడం అతనికి అలవాటు.

"ఏమ్మా," అన్నాడు వచ్చీరాని తెలుగులో, నవ్వుతూ. "ఈ పొద్దు గాలి సంగతి చెప్పలే?"

వరమ్మ పొయ్యిలో బొగ్గులు సర్ది తల ఎత్తింది.

"మా ఇంటాయన చూసుకున్నాడప్పా," అంది. "నువ్వూ చూసుకో."

డ్రైవరుకు తేడా తెలియలేదు. తల ఊపి, చక్రాలను ఒక్కొక్కటే కాలితో తన్ని చూసుకుని, బండెక్కి పోయాడు. మునిరత్నం అక్కడే నిలబడి ఉన్నాడు. పొయ్యి మీద టీ మరుగుతోంది. ఆమె అతనికి పోయలేదు, అతను అడగలేదు.